ఎకరాలు ఒప్పుకున్నాయి, మనుషులను ఎవరడిగారు?

రాజధాని ప్రాంత భూసమీకరణ నియమాల్లో 9.3 అనే నమూనా పత్రం ఒకటి ఉంది. భూయజమాని తన పేరూ, సర్వే నంబరూ, విస్తీర్ణమూ రాసి, ఈ భూమిని సమీకరణకు ఇవ్వడానికి సమ్మతిస్తున్నానని సంతకం చేసే పత్రమది. అభ్యంతరం ఉన్నవారికి 9.2 అనే మరో పత్రం. 2015 తొలినాళ్లలో తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల గ్రామాల్లో ఈ రెండు అంకెలు తెలియని ఇల్లు లేదు. ఎవరు 9.3 ఇచ్చారు, ఎవరు 9.2 ఇచ్చారు అన్నదే అప్పటి రచ్చబండ రాజకీయం. ఆ రాజకీయంలో ఒక జనసమూహం మొత్తానికి మొత్తంగా లేదు. చేలో దిగి పనిచేసే కూలీలు, నోటిమాట మీద కౌలు చేసేవారు, పశువుల మేతకు గట్ల మీద ఆధారపడినవారు ఈ రెండు పత్రాల్లో ఏదీ ఇవ్వడానికి అర్హులు కారు. వాళ్లకు ఒప్పుకునే హక్కూ లేదు, కాదనే హక్కూ లేదు.

పల్లెల్లోకి వచ్చే భారీ భూ పెట్టుబడుల గురించి మన పత్రికల్లో నడిచే చర్చకు ఒక మూస ఏర్పడింది. ఒకవైపు అభివృద్ధి, మరోవైపు రైతు. ఏ పక్షం వహించినా ‘రైతు’ అన్న మాటను మాత్రం ఎవరూ విప్పి చూడరు. ఆ మాటకు ప్రభుత్వ కార్యాలయంలో ఉన్న అర్థం పట్టాదారు. చేను దున్నేవాడు, నాటేది, కలుపు తీసేది ఆ అర్థంలోకి రారు. సమ్మతి అనేదాన్ని మన దగ్గర మనుషుల లెక్కన కాక ఎకరాల లెక్కన తీసుకుంటున్నారు. ఎకరాల లెక్క అంటే ఈ దేశంలో కులం లెక్కే. 2011 జనగణన ప్రకారం జనాభాలో షెడ్యూల్డు కులాలవారు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు విస్తీర్ణంలో వారి చేతిలో ఉన్నది పదో వంతు కూడా లేదు. ఎకరాన్ని ఓటుగా మార్చితే ఆ ఎన్నికలో ఎవరు గెలుస్తారో ముందే రాసిపెట్టి ఉంటుంది.

ఈ వెలి కేవలం ఒక నగర నిర్మాణ పథకంలో జరిగిన లోపమని అనుకోవడానికి వీల్లేదు. అది మనం ఎంతో మెచ్చుకున్న చట్టంలోనే ఉంది. 1894 నాటి వలస చట్టాన్ని రద్దుచేసి, 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం నిస్సందేహంగా ఒక ముందడుగు. సామాజిక ప్రభావ అంచనాను అది తప్పనిసరి చేసింది. ‘బాధిత కుటుంబం’ అన్న నిర్వచనాన్ని విశాలం చేసి, భూమి లేకపోయినా ఆ భూమి మీద మూడేళ్లుగా బతుకుతున్న వ్యవసాయ కూలీని, ఏ రకమైన కౌలుదారునైనా, పాలికాపును, చేతివృత్తిదారును అందులో చేర్చింది. పునరావాస ప్రయోజనాలు వారికీ వర్తిస్తాయని చెప్పింది. అక్కడిదాకా చదివి మనం సంతోషించాం. కాని అదే చట్టంలో ప్రైవేటు కంపెనీల కోసం సేకరిస్తే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం బాధిత కుటుంబాల ముందస్తు సమ్మతి కావాలన్న నిబంధన దగ్గర ఒక చిన్న మెలిక ఉంది. సమ్మతి అడగవలసిన కుటుంబాలు నిర్వచనంలోని అన్ని కుటుంబాలూ కావు. మూడో సెక్షన్‌లోని ‘సి’ క్లాజులో మొదటి, ఐదో ఉపక్లాజుల్లో ఉన్నవి మాత్రమే. మొదటిది ఆస్తి పోగొట్టుకునేవారు, ఐదోది ప్రభుత్వం భూమి అసైన్ చేసినవారు. కూలీలూ కౌలుదారులూ ఉన్నది రెండో ఉపక్లాజులో. అంటే చట్టం దృష్టిలో వారు బాధితులే, కాని అడగవలసినవారు కారు. నష్టం జరుగుతుందని గుర్తించి, ఆ నష్టానికి ఒప్పుకుంటారా అని అడగనక్కరలేదని తేల్చిన చట్టమిది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ రెండు సెక్షన్లనూ పక్కపక్కన పెట్టుకొని చదవాలని నా కోరిక.

అమరావతిలో ఈ మాత్రం చట్టం కూడా నడవలేదు. అక్కడ జరిగింది సేకరణ కాదు, సమీకరణ. 2014 నాటి రాజధాని ప్రాంత అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం కింద, యజమానులు స్వచ్ఛందంగా ఇచ్చారు కాబట్టి సామాజిక ప్రభావ అంచనా అవసరం లేకపోయింది. 29 గ్రామాల పరిధిలో దాదాపు 34 వేల ఎకరాలను సుమారు 29 వేల మంది ఇచ్చారు. ఇచ్చినవారిలో అత్యధికులు చిన్న, సన్నకారు రైతులేనన్నదీ, రాజధాని మారుస్తామన్నప్పుడు వారు, ముఖ్యంగా మహిళలు, ఏళ్ల తరబడి వీధుల్లో నిలిచి పోరాడారన్నదీ నిజం. వారి నష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. వారికి ఉన్న ఒక ఆధారం పక్కవాడలో లేదని మాత్రమే చెబుతున్నాను. ఆ ఆధారం పేరు ఒప్పంద పత్రం. రాజ్యం మాట తప్పినప్పుడు వారు ఆ పత్రం పట్టుకొని హైకోర్టుకు వెళ్లగలిగారు. 2022 మార్చి 3న వచ్చిన తీర్పు ఆ హక్కును గట్టిగా నిలబెట్టింది. మల్లెతోటలో మొగ్గలు కోసిన చేతులకు అలాంటి పత్రం ఏదీ లేదు.

ఆ చేతులకు ఏమిచ్చారు? భూమి లేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను, పదేళ్లపాటు. పట్టాదారుకైతే ఎకరానికి ఏటా మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు కౌలు, ఏటేటా పెంపుతో. పైగా అభివృద్ధి చేసిన నివాస, వాణిజ్య స్థలాలు. పింఛను 5,000 అయింది 2024లో, ఎన్నికల ముంగిట. మొదటి మాట ప్రకారం లెక్క వేస్తే పదేళ్లకు కుటుంబానికి వచ్చేది మూడు లక్షలు. 2013 చట్టం అమలై ఉంటే అదే కూలీ కుటుంబానికి ఉద్యోగం, లేదంటే ఏకమొత్తంగా ఐదు లక్షలు, లేదంటే నెలకు 2,000 చొప్పున ధరల సూచీతో ముడిపెట్టి 20 ఏళ్లు. స్వచ్ఛందం అన్న ఒక్క మాట వల్ల యజమానికి లాభమో నష్టమో చర్చించవచ్చుగాని, కూలీకి మాత్రం అది స్పష్టమైన నష్టం. ఆ మాట పలికింది అతను కాదు, ఆమె కాదు.

ఈ పింఛను లెక్కలో ఇంకో అన్యాయం ఉంది, దానిపై చర్చ జరగనే లేదు. పింఛను కుటుంబానికి ఒకటి. కాని కృష్ణ ఒడ్డున జరీబు భూముల్లో కూలి కుటుంబానికి ఒకటి కాదు. అక్కడ ఏడాది పొడవునా పంట ఉండేది. అరటి, పసుపు, కంద, దొండ, మల్లె, కూరగాయలు. తల్లి మొగ్గలు కోస్తే కూతురు కలుపు తీసేది, తండ్రి గెలలు మోసేవాడు. మాలపల్లె, మాదిగపల్లె ఆడవాళ్ల చేతికి స్వయంగా వచ్చే డబ్బు అది. మగాడి జేబులోనుంచి అడిగి తీసుకునేది కాదు. కుటుంబం అనే ప్రమాణం ఆమె కూలిని మింగేసింది. ఉపాధి హామీ పనిదినాలను ఏడాదికి 365 రోజులకు పెంచుతామన్న హామీ కూడా ప్యాకేజీలో ఉంది. పంటలు లేని ఊళ్లో, పంచాయతీ స్వరూపమే అనుమానంలో పడిన చోట, ఆ 365 ఎక్కడివి?

ఇక అసైన్డ్ భూముల సంగతి. ఇది కొంచెం నింపాదిగా చెప్పుకోవలసిన కథ.

కోస్తాలో డి పట్టా అన్నా, సీమలో డీకేటీ అన్నా, తెలంగాణలో లావుణి పట్టా అన్నా అన్నీ ఒకటే. భూమి లేని పేదకు ప్రభుత్వం ఇచ్చిన భూమి. దున్నుకోవచ్చు, వారసులకు ఇవ్వొచ్చు, అమ్మకూడదు. ఈ కట్టడి పేదను బంధించడానికి పెట్టింది కాదు. అప్పు కింద, తాగుడు కింద, బెదిరింపు కింద ఆ భూమి ఊరి పెద్దల చేతికి తిరిగి పోకుండా పెట్టింది. 1977లో వచ్చిన అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం అలాంటి అమ్మకం చెల్లదని చెప్పడంతో ఆగలేదు. అమ్మకం జరిగితే భూమిని వెనక్కి తీసుకొని అసలు లబ్ధిదారుకు గాని, అతని వారసులకు గాని తిరిగి అప్పగించాలని కూడా చెప్పింది. ఈ రెండో సగం ఎన్ని మండలాల్లో అమలైందో ఏ తహసీల్దారు కార్యాలయంలోనైనా అడిగి చూడండి.

చట్టం ఒకటి చెబితే ఊరు ఒకటి చేసింది. తెల్లకాగితం మీద, పది రూపాయల స్టాంపు మీద, కొన్నిచోట్ల అదీ లేకుండా అసైన్డ్ భూములు చేతులు మారాయి. రికార్డులో దళితుడి పేరు, చేలో మరొకరి ట్రాక్టరు. ప్రభుత్వం ఎప్పుడైనా ఉచితంగా తీసేసుకుంటుంది అన్న భయమే ఈ అమ్మకాలకు ధర నిర్ణయించింది. ఆ భయానికి చట్టబలం లేదు. 2004లోనే చేవెళ్ల ఆర్డీవో కేసులో ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ భూమిని ప్రజాప్రయోజనం కోసం వెనక్కి తీసుకున్నా పట్టా భూమితో సమానంగా పరిహారం చెల్లించాలని తేల్చింది. ఆ తీర్పు గురించి తెలిసిన దళిత రైతు ఎందరు? తెలిసినవారు దళిత రైతుకు చెప్పారా?

అమరావతిలో సమీకరణ ప్యాకేజీ వచ్చినప్పుడు పట్టా మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం ఉంటే, అసైన్డ్ భూమికి తరగతిని బట్టి అది 800కు, 500కు తగ్గింది. అదే ఊరు, అదే నేల, అదే కాలువ నీరు. తేడా పట్టా మీద రాసిన ఒక్క మాటలో ఉంది. ఆ మాట అక్కడికి ఎలా వచ్చింది? ఒకప్పుడు ఆ మనిషికి భూమి లేకపోవడం వల్ల. అంటే తాతకు భూమి లేనందుకు మనవడికి గజాలు తగ్గాయి. 2016 ఫిబ్రవరిలో వచ్చిన 41వ నంబరు జీవో అసైన్డ్ భూములకు తరగతులు కట్టి, కొనుక్కున్నవారికి కూడా సమీకరణలో చోటిచ్చింది. 2019లో మారిన ప్రభుత్వం వారికిచ్చిన స్థలాలను రద్దు చేసింది. ఎవరు ఎప్పుడు, ఏ ముందస్తు సమాచారంతో కొన్నారన్నది పోలీసు కేసుల దాకా వెళ్లింది. ఆ నేరారోపణల్లో నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానాలు. నాకు ముఖ్యమనిపించేది వేరు. ఒక ప్రభుత్వం జీవో ఇచ్చింది, మరో ప్రభుత్వం కేసు పెట్టింది. 1977 చట్టం చెప్పిన పని, అంటే భూమినో, దాని విలువనో అసలు లబ్ధిదారుకు తిరిగి అప్పగించడం, ఎవరి ఎజెండాలోనూ మొదటి స్థానంలో లేదు. తరువాత 2023లో, ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములను అమ్ముకునే హక్కు ఇస్తూ చట్టాన్నే సవరించారు. 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ ఫ్రీహోల్డ్ రిజిస్ట్రేషన్లను నిలిపి విచారణకు ఆదేశించింది. అమ్ముకునే హక్కు వద్దని నేననను. హక్కు ఎప్పుడూ మంచిదే. కాని ఆ హక్కు వస్తుందని ముందుగా ఎవరికి తెలుస్తుందన్నదే ఊళ్లో ధరను నిర్ణయిస్తుంది, ఆ తెలియడానికి కులం ఉంది.

స్థానిక రాజకీయం అంటే చాలామంది సర్పంచి ఎన్నిక, పార్టీ జెండా అనుకుంటారు. భూమి విషయంలో స్థానిక రాజకీయం అంటే సమాచారం. రోడ్డు ఎటు వెళ్తుందో, ఏ సర్వే నంబరు ఏ జోన్‌లో పడుతుందో, ఏ జీవో ఎప్పుడు వస్తుందో ముందుగా తెలిసే నాలుగు ఇళ్లు ప్రతి ఊళ్లో ఉంటాయి. ఎమ్మెల్యే దగ్గరికి నేరుగా వెళ్లే ఇళ్లు, రిజిస్ట్రారు ఆఫీసులో కుర్చీ వేసే ఇళ్లు, హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న బంధువుల డబ్బుకు ఊళ్లో భూమి చూసిపెట్టే ఇళ్లు అవి. పెట్టుబడిదారు ఎక్కడినుంచి వచ్చినా ఊళ్లోకి ఈ ఇళ్ల గుమ్మంలోంచే వస్తాడు. ప్రభుత్వమూ అంతే.

దీనికి ఎదురు నిలబడగల వేదిక ఒక్కటే, గ్రామసభ. అక్కడ పదెకరాల ఆసామికీ, రెక్కలు తప్ప ఏమీ లేని మనిషికీ చేయి ఒక్కటే. 73వ రాజ్యాంగ సవరణ ఇచ్చిన రిజర్వేషన్ వల్ల వాడలో పుట్టిన మహిళ కూడా ఆ సభకు అధ్యక్షత వహించగలదు. రాజధాని గ్రామాల్లో ఆ వేదికకు ఏం పట్టిందో చూడండి. 2018లో పంచాయతీల పదవీకాలం ముగిసింది. 2021లో రాష్ట్రమంతటా పంచాయతీ ఎన్నికలు జరిగితే, కార్పొరేషన్ చేస్తామన్న ప్రతిపాదనల పేరుతో ఈ గ్రామాల్లో చాలాచోట్ల జరగనేలేదు. 2022లో మునిసిపల్ విలీనంపై అభిప్రాయం కోరుతూ గ్రామసభలు పెట్టినప్పుడు మాత్రం జనం వచ్చి కాదని చెప్పారు. అంటే సభ పెడితే జనం మాట్లాడతారు. 34 వేల ఎకరాల భవితవ్యం మీద వాడకు ఓటు హక్కుతో కూడిన సభ ఏనాడైనా పెట్టారా? పత్రం ఇచ్చే హక్కు ఆసామికి ఉంది, సభలో చెయ్యెత్తే హక్కు అందరికీ ఉంది. ప్రభుత్వం పత్రాన్నే లెక్కపెట్టింది.

సభ లేని చోట దళితులకు దొరికింది శిబిరం. రాజధాని కోసం పెట్టిన శిబిరంలోనూ, మూడు రాజధానులు కావాలని పెట్టిన శిబిరంలోనూ వారిని ముందువరుసలో కూర్చోబెట్టారు. 2023 మేలో రాజధాని ప్రాంతంలో పేదలకు ఇళ్ల స్థలాల పట్టాలు పంచినప్పుడు, ఆగస్టులో అక్కడి ఇళ్ల నిర్మాణంపై హైకోర్టు స్టే ఇచ్చినప్పుడు, పేదవాడి పేరు రెండు పార్టీల నోటా మారుమోగింది. ఒకరు పంచామన్నారు, ఒకరు అక్రమమన్నారు. ఆ స్థలాలు పొందినవారిలో అత్యధికులు ఆ ఊళ్లవారు కారు. మరి అక్కడే పుట్టి, అక్కడే కూలిచేసి, అక్కడే పని పోగొట్టుకున్న మనిషికి కొత్త నగరంలో చోటు ఎక్కడ అన్న ప్రశ్న ఆ రెండు గొంతుల మధ్య వినబడలేదు.

కూలీలు కోర్టుకు వెళ్తే ఏమవుతుందో ఒకసారి తెలంగాణ చూసింది. 2015 జూలైలో ఆ ప్రభుత్వం 123వ నంబరు జీవో ఇచ్చింది. 2013 చట్టం జోలికి పోకుండా యజమానుల దగ్గర నేరుగా కొనడానికి ఉద్దేశించిన జీవో అది. యజమాని అమ్ముతానంటే ఇంకెవరికేం అభ్యంతరం అన్నది వాదన. మెదక్ జిల్లాకు చెందిన వ్యవసాయ కూలీలు ఆ వాదనను సవాలు చేశారు. భూమి వాళ్లది, కాని బతుకు మాది, ఆ బతుకుకు చట్టంలో రాసిన పునరావాసం ఏమైందన్నది వారి ప్రశ్న. 2016 ఆగస్టు 3న హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది, కాని ఆ నెలలోనే భూమిలేనివారికి కూడా ప్రయోజనాలు కల్పిస్తూ కొత్త ఉత్తర్వులు ఇవ్వక తప్పలేదు. భూమి లేనివారు భూమి కేసు గెలిచిన అరుదైన సందర్భమిది. మన కళాశాలల్లో దీన్ని పాఠంగా చెప్పాలి. అయితే ఆ తరువాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. 2017లో తెలంగాణ, 2018లో ఆంధ్రప్రదేశ్ కేంద్ర చట్టానికి రాష్ట్ర సవరణలు తెచ్చి, ఎన్నో రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చుకున్నాయి. కూలీ ఉనికి అధికారికంగా నమోదయ్యే కాగితాల్లో ఆ అంచనా నివేదిక ఒకటి. పార్టీలు వేరు, ప్రాంతాలు వేరు, రాష్ట్రం విడిపోయి కత్తులు దూసుకున్న కాలమది. ఈ ఒక్క విషయంలో ఇద్దరి చేతివ్రాతా ఒకటే.

2024 నవంబర్ 11న వికారాబాద్ జిల్లా లగచర్లలో ఫార్మా గ్రామాల కోసం అభిప్రాయ సేకరణకు వెళ్లిన కలెక్టరు, అధికారుల మీద దాడి జరిగింది. దాడిని సమర్థించనక్కరలేదు. ఆ తరువాత తండాల్లో జరిగిన అరెస్టులు, లంబాడా మహిళలు ఢిల్లీ దాకా వెళ్లి చెప్పుకున్న గోడు, నెల తిరక్కుండానే ప్రభుత్వం నోటిఫికేషన్ వెనక్కి తీసుకోవడం అందరికీ తెలిసినవే. అభిప్రాయం అడగడానికి వచ్చేనాటికే నిర్ణయం జరిగిపోయిందని జనం నమ్మారు. ఆ నమ్మకం ఒక్కరోజులో పుట్టింది కాదు.

ఇదంతా మన రాష్ట్రాల జబ్బేనా? కాదు. 2010లో బెంగళూరు కేంద్రంగా ఉన్న కరుటూరి సంస్థ ఇథియోపియాలోని గాంబెల్లా ప్రాంతంలో లక్ష హెక్టార్లు లీజుకు తీసుకుంది, మూడు లక్షల దాకా పెంచుకునే వీలుతో. అక్కడ భూమి మొత్తం రాజ్యానిది, కాబట్టి అన్యువాక్ వంటి స్థానిక తెగల సమ్మతి అడగవలసిన అవసరం కాగితం మీద రాలేదు. వారి మేతభూమినీ, మార్చి మార్చి సాగుచేసే పొలాన్నీ ఖాళీ నేల అన్నారు. 2015 చివర్లో ఆ ప్రభుత్వమే లీజు రద్దు చేసింది. ఖాళీ నేల అన్న మాట చదివినప్పుడు నాకు మన రెవెన్యూ భాషలోని బంజరు, పోరంబోకు గుర్తుకొచ్చాయి. ఎవరు వాడుకుంటున్నారో వారికి పేరు లేకపోతే ఆ నేల ఖాళీ అయిపోతుంది.

పేరు లేకపోవడం అంటే ఏమిటో నాకు ఇంట్లో తెలుసు. మా నాన్న పదిహేనేళ్లు రెండెకరాలు కౌలుకు చేశాడు. కాగితం లేదు. ఏటా ఉగాదికి ఆసామి ఇంటికి వెళ్లి, అరుగు కింద నిలబడి, ఈ ఏడు కూడా మీ దయ అని వచ్చేవాడు. ఆసామి మంచివాడే, కౌలు పెంచాలన్నప్పుడు తప్ప గొంతు పెంచలేదు. ఒక వేసవిలో ఆ భూమి చుట్టుపక్కల వందల ఎకరాలతో పాటు ఒక పరిశ్రమకు పోయింది. ఆసామి కొడుకులు విదేశాల నుంచే సంతకాలు పంపారు. మా నాన్నకు ఆ సంగతి తెలిసింది పాలేరు ద్వారా, ఈసారి నారు పొయ్యొద్దన్నారయ్యా అన్న ఒక్క మాటగా. ఆ వారమే అతను గెత్తం తోలి ఉన్నాడు. ఆ ఎరువు ఖర్చు ఎవరినడగాలో మాకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు కౌలుదారుకు చట్టం ఉంది కదా అనవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందానికి గుర్తింపు కార్డు ఇస్తుంది. యజమాని సంతకం పెడితేనే. సంతకం పెడితే రేపు పరిహారంలో వాటా అడుగుతాడేమోనని పెట్టని యజమాని, అడిగితే పొలమే పోతుందేమోనని అడగని కౌలుదారు. ఇద్దరి మధ్యా కార్డు ఖాళీగా ఉంటుంది. తెలంగాణలో ధరణి కాలంలో రికార్డు నుంచి అనుభవదారు కాలమే పోయింది. 2025లో వచ్చిన భూభారతి చట్టం దాన్ని మళ్లీ తెస్తానంటున్నది. ఒక కాలమ్ ఉండటం, పోవడం గుమాస్తా పనిలా కనిపిస్తుంది. భూసేకరణ రోజున ఆ కాలమే బాధితుడికీ బాటసారికీ మధ్య తేడా.

అంబేడ్కర్ 1947లో ‘రాష్ట్రాలు-మైనారిటీలు’ రాసినప్పుడు భూమిని రాజ్యం తీసుకోవాలనే ప్రతిపాదించారు. తీసుకొని కులభేదం లేకుండా గ్రామస్థుల బృందాలకు సాగుకు ఇవ్వాలి, భూస్వామీ కౌలుదారూ భూమిలేని కూలీ అన్న విభజనే మిగలకూడదు అన్నది అందులోని ఆలోచన. మన రాజ్యం మొదటి సగాన్ని బాగానే వంటబట్టించుకుంది. వేల ఎకరాలను ఒక్క చేతిలోకి తెచ్చుకోవడం సాధ్యమేనని అమరావతిలో నిరూపించింది. తిరిగి పంచేటప్పుడు మాత్రం పాత పట్టా పుస్తకమే ప్రమాణమైంది. ఎంత ఉన్నవాడికి అంత. పూర్వం నేలగా ఉన్న అసమానత రేపు గజాలుగా, అంతస్తులుగా, అద్దెలుగా ఉంటుంది.

2025లో రాజధాని కోసం మరికొన్ని వేల ఎకరాల రెండో విడత సమీకరణ మొదలైంది. మొదటి విడత పాఠాలు నేర్చుకున్నామని పాలకులు అంటున్నారు. నేర్చుకుంటే కనిపించవలసిన ఆనవాళ్లు పెద్దవేమీ కావు. 9.3 పత్రంలో ఆ సర్వే నంబరు మీద గత మూడేళ్లుగా ఎవరు కౌలు చేశారు, ఎవరు కూలి చేశారు అన్న రెండు గళ్లు చేర్చవచ్చు. అవి గ్రామసభలో చదివి వినిపించాకే పత్రం చెల్లుతుందని నియమం పెట్టవచ్చు. పింఛను కుటుంబానికి కాక పనిచేసే ప్రతి మనిషికీ, ముఖ్యంగా స్త్రీల పేరున ఇవ్వవచ్చు. పట్టా భూమికి ఎన్ని గజాలో అసైన్డ్ భూమికీ అన్నే గజాలని మొదటి రోజునే రాసి గ్రామ సచివాలయం గోడకు అంటించవచ్చు, 2004 తీర్పుతో సహా. అమ్ముడుపోయిన అసైన్డ్ భూమి విషయంలో 1977 చట్టం ప్రకారం అసలు కుటుంబం ఎవరో మొదట వెతకవచ్చు. దేనికీ కొత్త చట్టం అక్కరలేదు, జీవోలు చాలు. జీవోలు రాత్రికి రాత్రి ఇవ్వగలమని మన ప్రభుత్వాలు ఎన్నోసార్లు చూపించాయి.

ఈ గ్రామాల్లో జరిగే సభలకు విద్యార్థి మిత్రులు వెళ్లాలి. హాజరుపట్టీ అడిగి చూడాలి, అందులో ఏ వీధి సంతకాలు ఉన్నాయో, ఏ వీధి వేలిముద్రలు లేవో రాసుకోవాలి. సభ ఊరి మధ్య రామాలయం దగ్గర పెట్టారా, వాడలో పెట్టారా, పగలు కూలికి వెళ్లే వేళ పెట్టారా, సాయంత్రం పెట్టారా అన్నదీ రాసుకోవాలి. మొదటి విడతలో ఆ వివరాలను ఎవరూ రాసి ఉంచలేదు. అందుకే ఈ రోజు వాడను అడగలేదని మేమంటే, అందరినీ అడిగామని వాళ్లంటున్నారు.